క్యాలెండర్ సమకాలీకరణ

క్యాలెండర్ సమకాలీకరణ అనగా అంతర్జాలంలోని సర్వరుపై ఉన్న క్యాలెండరును, ఇంటిలోనో కార్యాలయంలోనో ఉన్న కంప్యూటరు క్యాలెండర్ సాఫ్టువేరును ఎల్లప్పుడు ఒకే స్థితిలో ఉంచే ప్రక్రియ. ఒకచోట చేర్చిన, సవరించిన లేదా తొలగించిన నమోదు రెండవచోట కూడా అదే విధంగా మారుతుంది. వాడుకలో దీనిని 'సింక్' అంటారు. కొందరు 'అనుసంధానం' అని కూడా వ్రాస్తున్నారు గాని, ఆ మాట రెండింటిని కలపడాన్ని మాత్రమే తెలుపుతుంది. రెండు ప్రతులు అన్ని వేళలా ఒకటిగా ఉండడం అనే అర్థం అందులో లేదు. అందుచేత 'సమకాలీకరణ' అన్న పదమే ఇక్కడ వాడబడినది.

ఈ వ్యాసంలోని ఉదాహరణలకు ఒక కుటుంబాన్ని ఊహించుకొనవచ్చును. తల్లిదండ్రులు చోడవరంలో ఉన్నారు (ఈ పట్టణం విశాఖపట్నం జిల్లాలో ఉండేది, 2022 ఏప్రిల్ 4 నుండి అనకాపల్లి జిల్లాలో ఉన్నది). కుమార్తె అమెరికాలోని డల్లాస్ నగరంలో ఉన్నది. తండ్రి డెస్క్‌టాప్ కంప్యూటరులో తేదీలు వ్రాసుకుంటాడు, కుమార్తె ఆన్‌లైన్ క్యాలెండరులో చూసుకుంటుంది. ఆసుపత్రి తేదీలు, విమాన ప్రయాణాలు, పండుగలు, పెద్దల ఆబ్దికాలు ఇద్దరికీ ఒకే విధంగా తెలియాలి. ఇటువంటి అవసరమే సమకాలీకరణకు మూలం.

పద్ధతులు

ఆన్‌లైన్ క్యాలెండరు నుండి కంప్యూటరుకు తేదీలు మూడు విధాలుగా చేరుతాయి. ఈ మూడింటిని ఒకటే అనుకొనడం వలననే ఎక్కువ పొరపాట్లు జరుగుతున్నాయి.

మొదటిది దిగుమతి. ఆన్‌లైన్ క్యాలెండరు నుండి ఐసీఎస్ అనే రకపు ఫైలును దించుకొని డెస్క్‌టాప్ సాఫ్టువేరులో తెరవడం. ఇది ఫొటో తీసినటువంటిది. తీసిన క్షణంలో ఉన్నది ఉన్నట్టు వస్తుంది. ఆ తరువాత సర్వరుపై ఏమి మారినా ఈ ప్రతికి తెలియదు. దిగుమతిని సమకాలీకరణ అనరాదు.

రెండవది చందా. పత్రికకు చందా కట్టినట్లు ఒక క్యాలెండరు చిరునామాను సాఫ్టువేరుకు ఇస్తే, అది నిర్ణీత వ్యవధిలో వెళ్ళి కొత్త ప్రతి తెచ్చుకుంటుంది. ఇది ఏకముఖం. చందాదారు చదవగలడు గాని మార్చలేడు. వ్యవధి కూడా చిన్నది కాకపోవచ్చును. బయటి చిరునామా ద్వారా గూగుల్ క్యాలెండరులో చేర్చిన క్యాలెండరులో మార్పు కనబడుటకు 12 గంటల వరకు పట్టవచ్చును. సెలవుల పట్టికకు, పరీక్షల పట్టికకు ఈ పద్ధతి చాలును. సాయంత్రం వైద్యుని వద్దకు వెళ్ళవలసిన వేళ మధ్యాహ్నం మారినప్పుడు మాత్రం దీనిని నమ్ముకొనరాదు.

మూడవది ఉభయముఖ సమకాలీకరణ. రెండు వైపుల నుండి మార్పులు చేయవచ్చును, అవి రెండు వైపులకు చేరుతాయి. అసలైన అర్థంలో సమకాలీకరణ ఇదే.

చరిత్ర

చేతిలో పట్టే పామ్ పైలట్ పరికరం 1996లో వచ్చినపుడు, దానిని ఊయల వంటి ఆధారంలో ఉంచి ఒక మీట నొక్కితే కంప్యూటరులోని తేదీలతో కలిసిపోయేది. దీనికి హాట్‌సింక్ అని పేరు. సమకాలీకరణను సామాన్యులకు పరిచయం చేసినది ఇదే. అదే సంవత్సరం వివిధ సంస్థల సాఫ్టువేరులు పరస్పరం తేదీలు మార్చుకొనుటకు వీక్యాలెండర్ అనే రూపం వెలువడినది. దానిని అభివృద్ధి పరచి 1998 నవంబరులో ఐక్యాలెండర్ ప్రమాణాన్ని ప్రచురించారు. లోటస్ సంస్థకు చెందిన ఫ్రాంక్ డాసన్, మైక్రోసాఫ్ట్ సంస్థకు చెందిన డెరిక్ స్టెనర్సన్ దాని రచయితలు. 2009 సెప్టెంబరులో ఈ ప్రమాణం సవరించబడినది. నేడు ఐసీఎస్ ఫైలులో ఉండేది ఈ రూపమే.

ఫైలు రూపం కుదిరినంత మాత్రాన ఉభయముఖ సమకాలీకరణ సాధ్యం కాలేదు. సర్వరుతో ఎట్లా మాట్లాడాలో చెప్పే నియమావళి కావలసివచ్చినది. ఆ నియమావళి, అనగా క్యాల్‌డావ్, 2007 మార్చిలో ప్రమాణంగా వెలువడినది. ఈలోగా 2006 ఏప్రిల్ 13న గూగుల్ క్యాలెండర్ ప్రారంభమైనది. 2008 మార్చిలో ఔట్‌లుక్ కొరకు గూగుల్ ఒక ప్రత్యేక సమకాలీకరణ సాధనాన్ని విడుదల చేసినది. క్యాల్‌డావ్ మద్దతును కూడా అదే సంవత్సరం ఇచ్చినది. ఔట్‌లుక్ సాధనం 2014 ఆగస్టు 1 నుండి పనిచేయడం మానినది, క్యాల్‌డావ్ మాత్రం నేటికీ నిలిచి ఉన్నది. ఒక సంస్థ సొంత సాధనం కంటె అందరూ అంగీకరించిన ప్రమాణానికి ఆయువు ఎక్కువ అనుటకు ఇది మంచి నిదర్శనం.

పనిచేసే తీరు

ప్రతి నమోదుకు సృష్టించిన క్షణంలోనే యూఐడీ అనే ఒక గుర్తింపు సంఖ్య ఇవ్వబడుతుంది. పేరు, తేదీ, స్థలం అన్నీ మారినా ఈ గుర్తింపు మారదు. సర్వరుపై ఉన్న నమోదు, కంప్యూటరులో ఉన్న నమోదు ఒకటే అని సాఫ్టువేరు గ్రహించేది దీని వలననే. ఒకే పండుగ రెండుసార్లు కనబడితే, వాటి గుర్తింపులు వేరువేరుగా ఉన్నాయని అర్థం. చేతితో ఒకసారి వ్రాసి, అదే పండుగను ఫైలు నుండి కూడా దిగుమతి చేసినపుడు ఇట్లా జరుగుతుంది.

రెండవ ఉపాయం ఈట్యాగ్. సర్వరుపై నమోదు మారినప్పుడల్లా దాని ఈట్యాగ్ విలువ కూడా మారుతుంది. ఇది ఎందుకు అవసరమో మన ఉదాహరణలో చూడవచ్చును. చోడవరంలో ఇంటర్నెట్ లేని సమయాన తండ్రి తన కంప్యూటరులో ఆసుపత్రి వేళను 10 గంటల నుండి 11 గంటలకు మార్చినాడు. అదే సమయాన డల్లాస్ నుండి కుమార్తె ఆ నమోదునే మరునాటికి జరిపినది. ఇంటర్నెట్ తిరిగి రాగానే తండ్రి కంప్యూటరు తన మార్పును పంపుతూ, తన వద్ద ఉన్న పాత ఈట్యాగ్‌ను కూడా చూపుతుంది. సర్వరు వద్ద ఉన్న విలువ వేరు కనుక, 412 అనే సంఖ్యతో తిరస్కరిస్తుంది. అప్పుడు ఏ ప్రతిని ఉంచాలో సాఫ్టువేరు తండ్రిని అడుగుతుంది. ఈ ఏర్పాటు లేనిచో చివరగా పంపినవారి మాట నెగ్గి, రెండవవారి మార్పు చడీచప్పుడు లేకుండా మాయమవుతుంది. ఇటువంటి ప్రశ్న తెర మీద కనబడినపుడు చదవకుండా 'సరే' నొక్కడం చాలామందికి అలవాటు. అది మంచిది కాదు.

ప్రతిసారీ వందల నమోదులను పోల్చి చూడడం వృథా శ్రమ. 2012లో వెలువడిన మరొక ప్రమాణం ప్రకారం, సర్వరు ఒక టోకెను ఇస్తుంది. మరుసటిసారి దానిని చూపితే, ఆ తరువాత జరిగిన మార్పులు మాత్రమే వస్తాయి.

డెస్క్‌టాప్ సాఫ్టువేరులు

ఉచితంగా లభించే థండర్‌బర్డ్ ఇందుకు బాగుగా ఉపకరిస్తుంది. పూర్వం మొజిల్లావారి క్యాలెండర్ సన్‌బర్డ్ అనే వేరు సాఫ్టువేరుగాను, లైట్నింగ్ అనే అనుబంధంగాను ఉండేది. సన్‌బర్డ్ 2010లో ఆగిపోయినది, లైట్నింగ్ థండర్‌బర్డ్‌లోనే కలిసిపోయినది. ఇటీవలి సంచికలలో కొత్త క్యాలెండరును సృష్టించేటప్పుడు 'నెట్‌వర్క్‌పై ఉన్నది' అన్న ఎంపికను తీసుకొని ఈ-మెయిల్ చిరునామా ఇస్తే, గూగుల్ అనుమతి పుట తెరుచుకుంటుంది. అనుమతి ఇచ్చిన పిదప ఆ ఖాతాలోని క్యాలెండర్ల జాబితా కనబడుతుంది, కావలసినవి ఎంచుకొనవచ్చును. ఆఫ్‌లైన్ మద్దతును ఉంచుకొంటే ఇంటర్నెట్ లేనపుడు కూడా తేదీలు చూడవచ్చును.

ఆపిల్ కంప్యూటర్లలోని క్యాలెండర్ (2002లో ఐక్యాల్ పేరుతో వచ్చి 2012లో పేరు మారినది) క్యాల్‌డావ్‌ను స్వతహాగా గ్రహిస్తుంది. లినక్స్‌లో ఎవల్యూషన్, కేఆర్గనైజర్ ఉన్నాయి.

ఔట్‌లుక్ విషయం కొంత చిక్కు. పాత ఔట్‌లుక్ క్యాల్‌డావ్‌ను ఎరుగదు. దానిలో గూగుల్ క్యాలెండరు చిరునామాను చేర్చితే అది చందా మాత్రమే అవుతుంది. తేదీలు కనబడుతున్నాయి కదా అని అక్కడ సవరించబోతే కుదరదు. ఉభయముఖంగా కావాలంటే క్యాల్‌డావ్ సింక్రనైజర్ అనే ఉచిత అనుబంధాన్ని చేర్చుకొనవలెను. కొత్త ఔట్‌లుక్‌లో గూగుల్ ఖాతానే నేరుగా చేర్చవచ్చును. విండోస్‌తో వచ్చే మెయిల్, క్యాలెండర్ సాఫ్టువేరులకు మైక్రోసాఫ్ట్ మద్దతు 2024 డిసెంబరు 31తో ముగిసినది.

పాత పుస్తకాలలోని సూచనలను అనుసరించి వాడుకరి పేరు, సంకేతపదం మాత్రమే ఇస్తే ఇప్పుడు గూగుల్ క్యాలెండరు తెరుచుకోదు. అట్టి ప్రవేశాన్ని గూగుల్ సాధారణ ఖాతాలకు 2022 మే 30 నుండి నిలిపివేసినది. ఈ కారణంగా ఏళ్ళ తరబడి పనిచేసిన ఏర్పాట్లు కొన్ని ఒక్కసారిగా ఆగిపోయినాయి.

తొలగింపు

సమకాలీకరణ భద్రప్రతి కాదు. ఈ రెండింటికి గల భేదం తొలగింపు విషయంలో తెలుస్తుంది. భద్రప్రతిలో పాతది నిలిచి ఉంటుంది. సమకాలీకరణలో ఒకచోట తొలగించినది అన్నిచోట్లా తొలగిపోతుంది, అది కూడా కొద్ది నిమిషాలలోనే. కంప్యూటరులో స్థలం చాలడం లేదని పాత తేదీలు తీసివేసినవారు, సర్వరుపై కూడా అవి పోయినవని ఆలస్యంగా గ్రహిస్తారు. గూగుల్ క్యాలెండరులో తొలగించినవి సుమారు 30 రోజుల పాటు చెత్తబుట్టలో ఉంటాయి. ఆ గడువు దాటితే తిరిగి రావు.

క్యాలెండరును తొలగించడం వేరు, దానికి గల చందాను లేదా అనుసంధానాన్ని విడదీయడం వేరు. థండర్‌బర్డ్ వంటి సాఫ్టువేరులలో ఈ రెండు ఎంపికలు పక్కపక్కనే ఉండవచ్చును. మీట నొక్కే ముందు మాటలు పూర్తిగా చదువుకొనవలెను. సమకాలీకరణ మొదలుపెట్టే ముందు, ఆ తరువాత అప్పుడప్పుడు, ఐసీఎస్ ఫైలును ఎగుమతి చేసి వేరొక చోట దాచుకొనడం మంచిది. దిగుమతి పద్ధతి సమకాలీకరణకు పనికిరాదని పైన చెప్పబడినది గాని, భద్రప్రతికి మాత్రం అదే సరియైనది.

తెలుగు లిపి

ఐక్యాలెండర్ ప్రమాణం యూనికోడ్‌ను అంగీకరిస్తుంది కనుక నమోదులను తెలుగులో వ్రాయుటకు ఆటంకం లేదు. అయినను ఒక చిక్కు ఉన్నది. ఐసీఎస్ ఫైలులో ఒక పంక్తి 75 బైట్లకు మించరాదని, మించితే తరువాతి పంక్తికి మడవాలని నియమం. ఆంగ్లాక్షరం ఒక్క బైటులో ఇముడుతుంది. యూటీఎఫ్-8 సంకేతంలో తెలుగు లిపిలోని ప్రతి గుర్తుకు మూడు బైట్లు పడుతాయి. గుర్తు అనగా మనం పలికే అక్షరం కాదు. 'శ్రీ' అన్న ఒక్క అక్షరంలో శకారం, పొల్లు, రకారం, దీర్ఘం అని నాలుగు గుర్తులున్నాయి, అనగా 12 బైట్లు. ఈ లెక్కన తెలుగు పంక్తి పాతిక గుర్తులకే నిండిపోతుంది.

'వినాయక చవితి' ఒక పంక్తిలో ఇముడుతుంది. 'స్వయంభూ విఘ్నేశ్వరస్వామి ఆలయంలో వినాయక చవితి పూజ' ఇమడదు, 134 బైట్లు అవుతుంది. మడత గుర్తుకూ గుర్తుకూ నడుమ పడితే నష్టం లేదు. ఒకే గుర్తు యొక్క మూడు బైట్ల నడుమ పడి, చదివే సాఫ్టువేరు ముందుగా పంక్తులను కలుపకుండా అక్షరాలుగా మార్చబోతే, ఆ చోట ప్రశ్నార్థకాలో పెట్టెలో కనబడుతాయి. తెలుగు పేర్లలో మధ్యలో ఒక్క అక్షరం మాత్రమే చెడిపోతే సాధారణంగా కారణం ఇదే, ఫాంటు కాదు. పేరును కురచగా వ్రాసి వివరాలను వేరుగా ఉంచడం సులభమైన నివారణ.

గోప్యత

గూగుల్ క్యాలెండరుకు ఒక రహస్య చిరునామా ఉంటుంది. చందా కొరకు దానిని ఇచ్చినపుడు వేరే సంకేతపదం అడుగదు. కనుక ఆ చిరునామా ఎవరి చేతికి చిక్కినా వారు మన ప్రయాణాలన్నీ చదువగలరు. చిరునామా బయటపడినదని తోచితే అమరికలలో దానిని మార్చవచ్చును. క్యాలెండరును బహిరంగం చేయడం కంటె, కుటుంబ సభ్యుల ఈ-మెయిల్ చిరునామాలకు మాత్రమే పంచుకొనడం మేలు.

కాలమండలాలు

భారత ప్రామాణిక సమయం అంతర్జాతీయ ప్రామాణిక సమయం కంటె 5 గంటల 30 నిమిషాలు ముందు ఉంటుంది. దీనికి ఆధారం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం, ఇది కాకినాడకు సమీపంగా పోతుంది. సర్వరు ప్రతి సమయాన్ని కాలమండలంతో సహా భద్రపరచి, చూసేవారి ప్రాంతానికి అనుగుణంగా మార్చి చూపుతుంది.

అమెరికాలో చాలా ప్రాంతాలలో మార్చి రెండవ ఆదివారం గడియారాన్ని ఒక గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం వెనుకకు తిప్పుతారు. 2007 నుండి ఈ తేదీలు అమలులో ఉన్నాయి. ఆ సంవత్సరం కొత్త తేదీలు ఎరుగని సాఫ్టువేరులు కొన్ని వారాల పాటు ఒక గంట తప్పు చూపినాయి. భారతదేశంలో ఈ పద్ధతి లేదు. ప్రతి ఆదివారం రాత్రి 8 గంటలకు మాట్లాడుకొనాలని చోడవరంలో తండ్రి నమోదు చేస్తే, డల్లాస్‌లో అది వేసవిలో ఉదయం 9.30కు, శీతకాలంలో 8.30కు కనబడుతుంది. అదే నమోదును కుమార్తె తన కాలమండలంలో చేస్తే మారేది చోడవరం వేళ. రెండింటిలో ఏదియు తప్పు కాదు. ఎవరి వేళ స్థిరంగా ఉండాలో వారు నమోదు చేయవలెను.

రోజంతటి నమోదులకు, అనగా పుట్టినరోజు, పండుగ వంటివాటికి, కాలమండలం ఉండదు. 27వ తేదీ అని వ్రాస్తే ప్రపంచమంతటా 27వ తేదీగానే కనబడుతుంది. కొన్ని సాఫ్టువేరులు దీనిని గ్రహించక అర్ధరాత్రి నుండి అర్ధరాత్రి వరకు అని మార్చుకొన్నపుడు, చోడవరంలోని 27వ తేదీ డల్లాస్‌లో వేసవిలో 26 మధ్యాహ్నం 1.30 నుండే మొదలైనట్లు చూపబడుతుంది.

తిథులు, పండుగలు

పై నియమాలన్నీ సరిగా పనిచేసినా తెలుగువారి పండుగల విషయంలో తప్పు రావచ్చును. ఇందుకు సాఫ్టువేరును నిందించి ప్రయోజనం లేదు.

సూర్యచంద్రుల నడుమ కోణం 12 డిగ్రీలు పెరుగుటకు పట్టే కాలమే తిథి. ఇది సుమారు 19 నుండి 26 గంటల వరకు ఉంటుంది. తిథి మొదలయ్యే క్షణం భూమి అంతటికీ ఒకటే. కాని ఆ తిథికి సంబంధించిన పండుగ ఏ రోజు అన్నది ఆయా ఊరి సూర్యోదయాన్ని, మధ్యాహ్నాన్ని బట్టి నిర్ణయమవుతుంది. అనగా తిథి లోకానికంతటికీ చెందినది, పండుగ రోజు ఊరికి చెందినది. సమకాలీకరణ మొదటిదానిని చక్కగా మోసుకొని పోగలదు, రెండవదానిని పోలేదు.

2025 వినాయక చవితి ఇందుకు చక్కని ఉదాహరణ. దృక్‌సిద్ధ గణితం ప్రకారం చవితి భారత కాలమానంలో ఆగస్టు 26 మధ్యాహ్నం 1.54కు మొదలై 27 మధ్యాహ్నం 3.44కు ముగిసినది. వినాయక పూజకు మధ్యాహ్నకాలంలో చవితి ఉండవలెను. 26న చోడవరంలో చవితి వచ్చేసరికి మధ్యాహ్నకాలం దాటిపోయినది, కనుక పండుగ 27న. ఇవే క్షణాలు డల్లాస్‌లో 26 తెల్లవారుజాము 3.24, 27 ఉదయం 5.14 అవుతాయి. అక్కడ 26 పగలంతా చవితియే. 27న సూర్యోదయానికి ముందే చవితి వెళ్ళిపోయినది. తండ్రి రోజంతటి నమోదుగా వ్రాసిన '27 వినాయక చవితి' కుమార్తె క్యాలెండరులో 27గానే, ఏ లోపమూ లేకుండా కనబడుతుంది. ఆమె ఉన్న ఊరి లెక్క ప్రకారం ఆ రోజు పంచమి.

తెలుగునాట కూడా ఈ భేదం పూర్తిగా లేకపోలేదు. చోడవరానికి, హైదరాబాదుకు రేఖాంశంలో సుమారు నాలుగున్నర డిగ్రీల తేడా ఉన్నది. దీని వలననే సూర్యోదయంలో 18 నిమిషాల వరకు వ్యత్యాసం వస్తుంది. తిథి సరిగా సూర్యోదయ వేళ ముగిసిన సంవత్సరాలలో ఈ కొద్ది నిమిషాలే రోజును నిర్ణయిస్తాయి.

'ప్రతి సంవత్సరం' అన్న పునరావృత్తి ఎంపిక మరొక ఉచ్చు. అది ఆంగ్ల తేదీని మాత్రమే ఎరుగును. ఉగాది 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న, 2026లో మార్చి 19న వచ్చినది. ఆబ్దికం విషయంలో ఈ పొరపాటు మరింత బాధాకరం. మాసం, పక్షం, తిథిని బట్టి జరపవలసిన కార్యాన్ని ఆంగ్ల తేదీపై పునరావృత్తిగా పెట్టుకొన్నవారికి, అసలు తిథి దాటిపోయిన తరువాత కంప్యూటరు గుర్తుచేస్తుంది. అధికమాసం వచ్చిన సంవత్సరంలో, ఉదాహరణకు 2023లో అధిక శ్రావణం వచ్చినపుడు, తేడా కొన్ని రోజులతో పోదు. ఆ తరువాతి మాసాల తిథులు మునుపటి సంవత్సరం కంటె సుమారు 19 రోజులు ఆలస్యంగా వస్తాయి.

ఆంగ్లేతర పంచాంగాల ప్రకారం పునరావృత్తిని తెలుపుటకు 2015 మే నెలలో ఐక్యాలెండర్‌కు ఒక అనుబంధ ప్రమాణం వెలువడినది. చైనా, యూదు పంచాంగాల వంటి వాటికి అది ఉపకరిస్తుంది. మన చాంద్రమానంలో ఒక తిథి రెండు సూర్యోదయాలకు ఉండవచ్చును, లేదా ఏ సూర్యోదయానికీ ఉండకపోవచ్చును. ఊరిని చెప్పనిదే దానిని తేల్చలేము, ఆ ప్రమాణంలో ఊరికి స్థానం లేదు. 1957 మార్చి 22 నుండి అమలులోనికి వచ్చిన భారత జాతీయ పంచాంగం సౌరమానం కనుక అదియు ఇక్కడ అక్కరకు రాదు.

అందుచేత ఆచరణలో మిగిలినది పాత పద్ధతియే. ఉగాదికి కొత్త పంచాంగం రాగానే ఆ సంవత్సరపు తిథులను ఒక్కొక్కటిగా, పునరావృత్తి లేకుండా నమోదు చేయడం. తిథి మొదలు, ముగింపులను భారత కాలమండలంతో గడియ వేళలుగా ఒక క్యాలెండరులో ఉంచితే, అవి డల్లాస్‌లో అక్కడి వేళలుగా మారి సరిగా కనబడుతాయి. పండుగ రోజులను మాత్రం రోజంతటి నమోదులుగా ఊరికొక వేరు క్యాలెండరులో ఉంచి, చోడవరం తేదీలు ఒక రంగులోను, డల్లాస్ తేదీలు మరొక రంగులోను చూపించుకొనవచ్చును. రెండూ ఇద్దరికీ సమకాలీకరించబడుతాయి. ఎవరి ఊరి రంగు వారు చూసుకుంటారు. స్వదేశపు తేదీనే పాటించాలని అనుకొనే కుటుంబాలు కూడా ఉన్నాయి. వారికి మొదటి రంగు చాలును.